కింగ్ సీమ్ పేరు వెతుక్కుంటూ కలకత్తా పోయిన

కొత్తగూడెంలో పుట్టినోళ్లకి కింగ్ సీమ్ అంటే కొత్తగా చెప్పే పన్లేదు, భూమి లోపలున్న ఒక బొగ్గు పొర పేరది, మా నాయన ముప్పై ఏళ్లు బాయి, అంటే బొగ్గు గని, దిగింది ఎక్కువగా ఆ సీమ్‌లోనే, నేనిప్పుడు షిఫ్టులో పని, రక్షణ చూసే ఓవర్‌మన్‌గా చేస్తున్నదీ అందులోనే. కింగ్ అంటే రాజు కదా, మంచి బొగ్గు కాబట్టి ఆ పేరు పెట్టి ఉంటరు అనుకునేవాళ్లం చిన్నప్పుడు, క్వీన్ సీమ్ కూడా ఉందాయె మరి. అది ఒక మనిషి పేరని, విలియం కింగ్ అనే జియాలజిస్టు 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గు కనిపెట్టిండని మైనింగ్ డిప్లొమాలో చేరినంక గానీ తెల్వలేదు. ఆయన పనిచేసింది జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా (జీఎస్ఐ)లో, దాని హెడ్డాఫీసు కలకత్తాలో. అందుకే కలకత్తాల మైనింగ్ ఎగ్జిబిషన్ ఉంది వస్తవా అని దోస్తు అడిగిన రోజే లీవు పెట్టేసిన.

విజయవాడలో ఫలక్‌నుమా ఎక్కి హౌరాలో దిగినం. ఎగ్జిబిషన్ న్యూ టౌన్‌లో ఎకో పార్కు దగ్గర, పొద్దున్నే పోతే అప్పటికే బొగ్గు మోసే పెద్ద లారీ, డంపర్ చుట్టూ జనం, ఒక్కో టైరు మనిషి కంటే ఎత్తు, అందరూ దాని పక్కన నిలబడి ఫొటోలు. ఎటు చూసినా ఓపెన్‌కాస్ట్, అంటే పైనుంచి తవ్వే ఓసీ గనుల మిషన్లే. దేశంలో బొగ్గు దాదాపు అంతా ఓసీల నుంచే వస్తున్నప్పుడు అమ్మేటోళ్లు వాటినే ముందు పెట్టుకుంటరు, అర్థమే, కానీ ఇంకా వేలమంది రోజూ మూడు షిఫ్టుల్లో కిందికి దిగుతున్నరు, వాళ్ల ప్రాణం కాపాడే సామాను హాలు చివర మూలకు ఉంటే నాకు మనసొప్పలేదు.

నేను ఎక్కువసేపు కూర్చుంది ఆ మూలనే, బాయి కప్పు జరిగితే చూపించే టెల్‌టేల్ అనే సాధనం పెట్టిన ఒక చిన్న స్టాల్‌లో. కప్పుకి పైకి రంధ్రం వేసి లోపల గట్టి రాయికి యాంకర్ బిగిస్తరు, కింద రంగుల పట్టీ వేలాడుతది. కప్పు పొర విడిపోయి కిందికి జరిగితే పట్టీ అంతమేర రంధ్రంలోకి పోతది. ఆకుపచ్చ కనిపించినంతసేపు పర్లేదు, అది పోయి పసుపు మొదలైతే జాగ్రత్త పడాలి, ఎరుపొక్కటే మిగిలిందంటే అక్కడ మనిషి ఉండొద్దు. మా దగ్గరా వాడతం గానీ ఇక్కడ పెట్టింది కేబుల్ మీద రీడింగ్ సర్ఫేస్‌కి పంపే రకం. గ్యాస్ ఉన్న బాయిల్లో పెట్టాలంటే గనుల భద్రత చూసే కేంద్ర సంస్థ డీజీఎంఎస్ అప్రూవల్ ఉండాలి కదా అని అడిగితే స్టాల్ అబ్బాయి ఓపిగ్గా కాగితాలన్నీ తీసి చూపించిండు.

మా నాయన కోల్ ఫిల్లర్, తట్టా చెమ్మాస్ పని, అంటే బొగ్గును పారతో తట్టకెత్తి నింపేది. ఆ రోజుల్లో వాళ్లకి టెల్‌టేల్ అంటే కర్రే. కర్రతో కప్పు మీద కొట్టి చెవి పెట్టేవాళ్లు, గట్టిగా ఉంటే ఖంగుమంటది, పొర విడిపోతే డొల్లగా డుబ్ అంటది, ఆ డుబ్ వింటే తట్ట అక్కడే పడేసి వెనక్కి. రిటైరై ఇన్నేళ్లయినా ఎవరింటికి పోయినా గోడ మీద వేలితో రెండుసార్లు కొట్టి చూస్తడు.

రెండో రోజు హౌరా మైదాన్ నుంచి ఎస్‌ప్లనేడ్‌కి మెట్రో ఎక్కిన, 2024లో మొదలైంది ఇది, హుగ్లీ నది కింద 520 మీటర్ల సొరంగం, దాటడానికి ముప్పావు నిమిషం. హౌరా స్టేషనే 30 మీటర్ల లోతుంటది. నది కిందికి రాగానే నీలం లైట్లు, పిల్లలు కిటికీలకి అతుక్కుపోయి కేకలు. నాకు మాత్రం 2003లో గోదావరిఖని 7 ఎల్‌ఈపీ బాయి గుర్తొచ్చింది, దానిలోకి నీళ్లొచ్చి 17 మంది పోయిండ్రు. నెత్తిన నదిని పెట్టుకుని చుక్క కారకుండా రింగు పక్కన రింగు కూర్చోబెట్టిన ఆ కాంక్రీటు చూస్తుంటే, ఇంత పనితనం మన దేశంలో ఉంది, ఇది బాయిల దాకా కూడా రావాలి అనిపించింది, ఇప్పటికీ అదే అనిపిస్తుంది.

ఎస్‌ప్లనేడ్‌లో మట్టి ముంతలో చాయ్ తాగి చౌరంగీ మీద నడుచుకుంటూ ఇండియన్ మ్యూజియంకి పోయిన. 1814లో పెట్టిందంట, దాన్ని ఆనుకునే జీఎస్ఐ ఆఫీసు. లోపల శిలాజాల గదుల్లో పెద్ద దంతాల ఏనుగు దగ్గర అందరూ ఆగుతున్నరు, నేను రాళ్లలో ఆకుల అచ్చుల దగ్గర ఆగిన, ఎందుకంటే అట్లాంటివి మా బాయి కప్పులో షేల్ అనే పొరల రాయి మీద చూసిన, క్యాప్ ల్యాంప్ వెలుగు పక్కవాటుగా పడితే ఈనెలతో సహా కనిపిస్తయి. కోట్ల ఏళ్ల కింది చెట్ల ఆకులు, ఆ చెట్లే మన బొగ్గు. బయటికొచ్చి జీఎస్ఐ గేటు ముందు కాసేపు నిలబడ్డ. 1851లో మొదలైన ఆఫీసు, కింగ్ తర్వాత దీనికి డైరెక్టర్ కూడా అయిండు. లోపలికి పోయే పని నాకేం లేదు, ఒక ఫొటో మాత్రం తీసుకున్న.

ఇంటికొచ్చి సందేశ్ మిఠాయి డబ్బా నాయన చేతిలో పెట్టి ఆ ఫొటో చూపించి, కింగ్ అంటే రాజు కాదు నాయనా, మనిషి, ఇక్కడ పనిచేసేటోడు అని చెప్పిన. ఫోన్ దగ్గరికి పెట్టుకుని చాలాసేపు చూసిండు.

"ఆయన ఎప్పుడన్నా మన బాయి దిగిండారా?"

ఆయన వచ్చినప్పుడు ఇంకా బాయే లేదు నాయనా, ఇల్లెందులో బొగ్గు తీయడం మొదలైంది 1889లో అన్న.

"మరి లోపలున్నదని ఎట్ల తెలిసింది?"

వాగుల వెంట నడిచి, సుత్తితో రాళ్లు కొట్టి చూస్తరు నాయనా జియాలజిస్టులు అన్న. కొట్టి చూసిండన్నమాట, అని తల ఊపిండు.