ఉందా అంటే ఉంది

సంచికకు ఏదైనా రాయమనగానే గుర్తొచ్చింది నా అసలు చదువు కాదు, వారానికో సాయంత్రం వెళ్లిన గేలిక్ క్లాసు. గేలిక్ అంటే స్కాట్లండ్ కొండల్లో, దీవుల్లో మాట్లాడే పాత భాష. ఎడిన్‌బరో యూనివర్సిటీలో నేను చేరింది కంప్యూటర్లు చదవడానికి. గేలిక్ వైపు వెళ్లడానికి సగం కారణం ఆసక్తి, మిగతా సగం ఆ గదిలో హీటరు.

రెండో వారం టీచరమ్మ బోర్డు మీద ఓ వాక్యం రాసి చదివారు: "హా ల్యొర్ అకమ్." ముక్క ముక్కగా చెబితే 'ఉంది, పుస్తకం, నా దగ్గర'. పక్కనున్న ఇంగ్లిషు పిల్లలు తలలు గోక్కున్నారు. నాకు నవ్వొచ్చింది. మనమూ అంతేగా, దేన్నీ 'హావ్' చెయ్యం, అన్నీ మన దగ్గర ఉంటాయి! అవును, కాదు అనడానికి విడిగా మాటల్లేవట. 'ఉందా?' అంటే 'ఉంది' అనడమే. పెద్దవాళ్లకు 'షివ్', చనువున్నవాళ్లకు 'ఊ'. మన మీరు, నువ్వు.

గేలిక్ నేర్పే ఆ శాఖ పుట్టుక ఇంకా తమాషా. 1882లో సెల్టిక్ (గేలిక్, దాని చుట్టపు భాషల) ఆచార్య పీఠం పెట్టించింది జాన్ స్టూవర్ట్ బ్లాకీ, గ్రీకు ప్రొఫెసరు. గేలిక్ ఆయన ఇంటిభాష కాదు. అయినా ఊరూరా ఉపన్యాసాలిచ్చి, చందాలడిగి సుమారు 12,000 పౌండ్లు పోగేశాడు. మన బ్రౌన్ దొర గుర్తుకు రాకుండా ఉంటాడా? మొదటి ఆచార్యుడు కొలన్సే దీవివాడైన డొనాల్డ్ మెకిన్నన్, 1914 దాకా ఆయనే.

తర్వాత వచ్చిన విలియం వాట్సన్ ఊరిపేర్ల పండితుడు. ఆయన మామగారు అలెగ్జాండర్ కార్మైకేల్ ఎక్సైజు ఉద్యోగి. డ్యూటీ మీద దీవులు తిరుగుతూ, జనం నోట విన్న ప్రార్థనలూ మంత్రాలూ పాటలూ నోటుబుక్కుల్లోకి ఎక్కించుకున్నాడు. అవి ఇప్పుడు యూనివర్సిటీ లైబ్రరీలో ఉన్నాయి. 1938లో వాట్సన్ దిగిపోతే ఆ పీఠం ఆయన కొడుకు జేమ్స్‌కే దక్కింది. యుద్ధంలో నౌకాదళానికి వెళ్లిన జేమ్స్ 1942లో మధ్యధరా సముద్రంలో గల్లంతయ్యాడు. తండ్రి ఇంకో ఆరేళ్లు బతికాడు. ఈ కుటుంబం సంగతి విన్నాక ఆ వారం పాఠం నాకు ఎక్కలేదు.

1951లో అదే యూనివర్సిటీలో జనం పాటలూ కథలూ సేకరించే స్కాటిష్ స్టడీస్ స్కూలు మొదలై, కేలమ్ మెక్లీన్ లాంటివాళ్లు రికార్డింగు యంత్రాలు మోసుకుంటూ దీవుల్లో ముసలివాళ్ల ఇళ్లకు తిరిగారు. జార్జ్ స్క్వేర్‌లోని ఆ స్కూలు భవనంలో ఒకరోజు ఆ రికార్డింగులు వినడానికి హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. తడి ఉన్ని బట్టను బల్లకేసి బాదుతూ ఆడవాళ్లు పాడే పాట. ఒకామె చరణం అందుకుంటుంది, మిగతావాళ్లు అర్థంలేని అక్షరాలతో వంత. దబ్, దబ్. మా అమ్మమ్మ రోకటి పాటకూ దీనికీ తేడా చేతిలోని వస్తువే అనిపించింది.

పాట ఆగాక ఎవరో ముసలమ్మను ఏదో అడిగారు. ఒక్క మాటా బోధపడలేదు. ఆవిడ కాస్త రొప్పుతూ "హా" అంది.

అది మటుకు అర్థమైంది.