బంకమట్టి కాపాడుతుందనుకున్నాం: మా నుయ్యి నీళ్ల టెస్టు

విజయనగరం జిల్లాలో మా ఊరి పెరటి నుయ్యి సంగతి ఇది. చుట్టూ బంకమట్టి, మట్టే నీళ్లని వడకడుతుందని అమ్మ ధీమా, నాదీ అదే. పోయినేడాది చెల్లి పురిటికొచ్చింది. బిడ్డకి పోతపాలు కలపాల్సి రావడంతో ఎందుకైనా మంచిదని నీళ్లు టెస్టుకిచ్చాను.

ప్రభుత్వ ల్యాబులో రెండు సీసాలు అడిగారు. ఒకటి నుయ్యి నీళ్లతోనే కడిగి నింపాలి. సూక్ష్మజీవుల కోసం వాళ్లిచ్చే సీసాని మాత్రం కడగకూడదు, నింపి ఐసులో పెట్టి ఆ పూటే అందించాలి. రిపోర్టులో కోలిఫాం, అంటే మలం కలిసి ఉండొచ్చని చెప్పే బాక్టీరియా ఉంది. పేడ, మలమూత్రాల నుంచి నీళ్లలోకి దిగే నైట్రేటు లీటరుకి 78 మిల్లీగ్రాములు, హద్దేమో 45. చాలా టెన్షన్ పడ్డాం. మరిగిస్తే సూక్ష్మజీవులు చస్తాయి గానీ నైట్రేటు పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఆర్నెల్లలోపు పిల్లలకి అది రక్తం ఆక్సిజన్ మోసే శక్తినే దెబ్బతీస్తుంది. ఆ రోజు నుంచే పాలకి టిన్ను నీళ్లు.

మరి ఈ కాలుష్యం అంత బంకమట్టి దాటి ఎలా దిగింది? జియాలజీ చదివిన మా బావ పెరట్లో గొయ్యి తవ్వించాడు. ఛాతీలోతున కూడా బూడిదరంగు మట్టి గోడ మీద నిలువుగా తుప్పురంగు చారలు, చార మధ్యన వెంట్రుకంత సందు, అందులో సన్నటి వేపవేళ్లు. గాలీ నీరూ దిగిన దారులివే, అందుకే మట్టిలో ఇనుము అక్కడే తుప్పు పట్టింది అన్నాడు. కెనడాలోని ఒంటారియోలో, డెన్మార్క్‌లో హిమానీనదాలు వదిలివెళ్లిన బంకమట్టిలోనూ ఇంతేనట: మట్టిముద్దలోంచి నీరు దాదాపు కదలదు, పగుళ్లలోంచి మాత్రం జోరుగా దిగిపోతుంది, పగులు వెడల్పు రెట్టింపైతే పారే నీరు ఎనిమిదింతలు. మాది హిమానీనదాల మట్టి కాదు, ఎండకి విచ్చుకున్న నెర్రెలు, తొలకరికి మట్టి ఉబ్బి అవి మూసుకునేలోపే పైనున్నదంతా లోపలికి పోతుంది. నాకు బాగా గుచ్చుకున్నది ఇంకో మాట. పగుళ్లలో పోయే కాలుష్యం పక్కమట్టిలోకీ ఇంకుతుంది, మూలం తీసేశాక ఆ మట్టే ఏళ్ల తరబడి మెల్లగా వెనక్కి వదులుతుంది.

నుయ్యికి పదడుగుల్లో గత్తం కుప్ప, అది దాటితే పాత లెట్రిన్ గొయ్యి. గత్తం పొలానికి తోలేశాం, గొయ్యి ఖాళీ చేయించి పూడ్చేశాం, నుయ్యి చుట్టూ గచ్చు వేయించి బ్లీచింగ్ వేశాం. వానలు వెళ్లాక మళ్లీ టెస్టు: కోలిఫాం లేదు, నైట్రేటు 61. ఇంత ఖర్చూ దండగేనా అంది అమ్మ. నేను ఒప్పుకోను, మట్టి తాగింది కక్కడానికి టైం పడుతుంది. అందాకా తాగడానికీ వంటకీ కుళాయి నీళ్లే, నుయ్యి నీళ్లు గిన్నెలకీ మొక్కలకీ. వచ్చే కార్తీకంలో మళ్లీ సీసాలు పట్టుకెళ్తాను.