పునాది గుంటలో కప్పల కాన్పు

మే నెలలో, బెంగళూరు సర్జాపుర రోడ్డు వైపున్న మా ఇంటి పక్క సైటులో పునాది తవ్వుతుంటే మట్టిగడ్డతో పాటు ఒక కప్ప బయటికొచ్చింది. ఉండ్రాయిలా గుండ్రంగా ఉంది. పొట్టి మొహం, చిన్న నోరు, గోధుమరంగు వీపు మీద పాలరాతి మరకలు. కప్పంటే నీళ్లేగా అని బకెట్‌లో వేశాను. పాపం, బంతిలా ఉబ్బి కాళ్లు కొట్టుకుంది.

వాచ్‌మన్‌ది కదిరి దగ్గర పల్లె. "నీళ్లలో ఎందుకక్కా, ఇది మట్టిలో బతికేది" అని తీసి వదులు మట్టి మీద పెట్టాడు. అది వెనక్కి వెనక్కి దిగింది. వెనక కాళ్లతో మట్టిని అటూ ఇటూ తోస్తూ, కదలకుండా కూర్చున్నట్టే ఉండి, కూర్చున్నచోటే మునిగిపోయింది. చివరికి రెండు కళ్లు, తర్వాత అవీ లేవు.

2020లో మా ఊరి పేరు పెట్టిన కొత్త కప్పజాతి స్ఫీరోథీకా బెంగళూరు ఇదేనేమోనని సంబరపడ్డాను. కప్పల మీద పనిచేసే స్నేహితురాలు ఫోటోల్లో నోరూ, పాదం అడుగున పారల్లాంటి రెండు గట్టి బుడిపెలూ చూసి యూపెరోడాన్ సిస్టోమా అని తేల్చింది. 1799లోనే ష్నైడర్ అనే శాస్త్రవేత్త వర్ణించిన పాత కప్ప. చెదలు, చీమలు దీని తిండి.

జూన్‌లో ఒక రాత్రి కుండపోత. డబ్బులు సర్దుబాటు కాక ఓనరు పని ఆపేయడంతో గుంట నిండా నీళ్లు. మగకప్పలు బెలూన్లలా ఉబ్బి తేలుతూ ఒకటే అరుపు, ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. టార్చి వేస్తే గాలి తీసేసినట్టు చిన్నబోయేవి. తెల్లారి చూస్తే నీటి మీద ఒకే పొరగా, ఆవాలు చల్లినట్టు గుడ్లు.

తోకకప్పలకు మా పాప అన్నం మెతుకులు వేయబోయింది. వాటి నోట్లో పళ్లుండవు, నీళ్లలోని కంటికి కనపడని పాచిని వడకట్టుకుని తింటాయి.

అసలు టెన్షన్ తర్వాత మొదలైంది. వాన మొహం చాటేసింది, గుంట రోజురోజుకీ ఇంకుతోంది. కొళాయి నీళ్లలో క్లోరిన్ అని భయపడి, డాబా మీద డ్రమ్ములో పట్టిన వాననీళ్లే రోజుకు రెండు బకెట్లు మోశాను. వెనక కాళ్లొచ్చాయి, ముందువి రాలేదు. ఇంకో బకెట్. ముందువీ వచ్చాయి, తోక కరగడం మొదలైంది.

ఒక పొద్దున గట్టు మీద గోరంత కప్పలు, కొన్నిటికి తోక మొదలు ఇంకా మిగిలే ఉంది. వాచ్‌మన్ వచ్చి "సోమవారం కాంక్రీటు పోస్తారంట అక్కా" అన్నాడు.

ఈసారి బకెట్‌లో తడిమట్టి నింపుకుని వెళ్లాను.