లండన్ సిటీ బస్సుల్లో అమ్మతో: నా అనుభవం

లండన్ వెళ్తున్నామంటే అందరూ ట్యూబ్ గురించే చెప్పారు. ఆ భూగర్భ రైలు మ్యాపు ఒకటి ఫోన్‌లో ఉంటే చాలు, ఊరంతా చుట్టేయొచ్చన్నారు. మాటైతే నిజమే. కానీ అమ్మకి మోకాళ్ల నొప్పులు. ఊరి మధ్యలో ఉన్న పాత ట్యూబ్ స్టేషన్లు చాలావాటికి లిఫ్టు లేదు, ఎస్కలేటర్ దిగాక కూడా ఎక్కడో ఒకచోట మెట్లు తగులుతాయి. పైగా "ఇంత దూరం వచ్చి సొరంగం గోడలు చూడటమేంట్రా?" అని ఆవిడ ప్రశ్న. దాంతో బస్సులకే ఫిక్స్ అయిపోయాం.

డబ్బు సంగతి సులువు కాబట్టి ముందు అది చెప్పేస్తాను. లండన్ బస్సుల్లో 2014 నుంచి నగదు తీసుకోరు. ముందు తలుపులోంచి ఎక్కగానే డ్రైవర్ పక్కన పసుపు రంగు రీడర్ ఉంటుంది. దాని మీద ఆయిస్టర్ కార్డో (ముందే డబ్బు వేసుకుని వాడే అక్కడి ప్రయాణ కార్డు), కాంటాక్ట్‌లెస్ బ్యాంకు కార్డో, ఫోనో ఆనిస్తే బీప్‌మంటుంది, లోపలికి వెళ్లిపోవడమే. దిగేటప్పుడు మళ్లీ ఆనించక్కర్లేదు. ఎంత దూరమైనా ఒకటే ఛార్జీ, మేము వెళ్లినప్పుడు 1.75 పౌండ్లు. మొదటిసారి కార్డు పెట్టిన గంటలోపు ఎన్ని బస్సులు ఎక్కినా ఇంకోసారి డబ్బు పడదు. పొద్దుట్నుంచి రాత్రిదాకా బస్సుల్లోనే తిరిగినా మూడు ఛార్జీల మొత్తం, అంటే అప్పట్లో 5.25 పౌండ్లు మించి తీసుకోలేదు.

ఒకటే షరతు. పొద్దున ఏది ఆనించామో రోజంతా అదే ఆనించాలి. ఖాతా ఒకటే అయినా ప్లాస్టిక్ కార్డుని, ఫోన్‌ని ఆ సిస్టమ్ ఇద్దరు మనుషుల కింద లెక్కేస్తుంది. ఒక కార్డు మీద ఇద్దరు వెళ్లడం కూడా కుదరదు, అందుకే అమ్మకి విడిగా ఆయిస్టర్ కార్డు కొన్నాను. పదకొండేళ్ల లోపు పిల్లలకి మాత్రం బస్సులో ఛార్జీ లేదు. టికెట్ కాగితం ఇవ్వరు కదా, చెకింగ్ వాళ్లొస్తే ఏం చూపించాలని అమ్మ టెన్షన్ పడింది. ఆ కార్డే చూపించాలి. వాళ్ల చేతిలో చిన్న మెషీన్ ఉంటుంది, దాని మీద పెడితే మనం డబ్బు కట్టామో లేదో తెలిసిపోతుంది.

అసలు కష్టం బస్సులో లేదు, బస్టాపులో ఉంది. ట్రఫాల్గర్ స్క్వేర్‌కి వెళ్లి "ట్రఫాల్గర్ స్క్వేర్ స్టాపు ఎక్కడ?" అని అడిగితే ఎవరైనా ఏం చెప్తారు? ఆ పేరుతో చుట్టూ అన్ని దిక్కులా స్టాపులున్నాయి. ఎదురెదురుగా ఉన్న రెండు స్టాపులకీ పేరు ఒకటే. అక్కడ మనల్ని ఒడ్డున పడేసేది స్తంభం పైన ఎర్ర గుండ్రంలో ఉండే అక్షరం. ఒకటి ఎఫ్, ఇంకోటి జి, ఇలా ఒక్కో స్టాపుకి ఒక్కోటి. దాని కింద స్టాపు పేరు, అక్కణ్నుంచి బస్సులు ఎటువైపు వెళ్తాయో ఆ ప్రాంతం పేరు, ఇంకా కిందికి వస్తే అక్కడ ఆగే బస్సుల నంబర్లు. ఆ స్తంభాన్ని పైనుంచి కిందికి ఒకసారి చదవడం వస్తే సగం లండన్ వచ్చేసినట్టే. ఫోన్‌లో దారి వెతికినప్పుడు కూడా నంబరు కన్నా ముందు ఆ అక్షరమే చూసుకోవాలి.

ఈ పని అమ్మ తన మీద వేసుకుంది. ఇంగ్లిష్ అక్షరాలు చదవడానికి ఆవిడకి కళ్లజోడు కూడా అక్కర్లేదు, అంత పెద్దగా ఉంటాయి. నేను ఫోన్‌లో తల దూర్చి నడుస్తుంటే వెనకనుంచి చొక్కా పట్టుకుని లాగేది. "ఆగరా, ఇది జి. మనది ఎఫ్ కదూ?" రోడ్డు పనులుంటే స్టాపు మూసేసి బోర్డుకి ముసుగు తొడుగుతారు, పక్క స్టాపుకి వెళ్లమని నోటీసు పెడతారు. ఆ ముసుగులు కూడా నాకన్నా ముందు ఆవిడకే కనిపించేవి. బస్సు వస్తుంటే చెయ్యి చాపాలి. ఒకే స్టాపులో నాలుగైదు నంబర్లు ఆగుతాయి కాబట్టి, చెయ్యి ఊపకుండా నిలబడితే మనం ఇంకో బస్సు కోసం చూస్తున్నామనుకుని డ్రైవర్ పోనిచ్చేయవచ్చు.

చూడటానికి వెళ్లినవాళ్లకి నంబర్లు ఎక్కువ అక్కర్లేదు. మాకు ముఖ్యంగా పనికొచ్చినవి 9, 15, 24, 188. తొమ్మిదో నంబరు పికడిల్లీ, హైడ్ పార్క్ కార్నర్ మీదుగా రాయల్ ఆల్బర్ట్ హాల్‌కి తీసుకెళ్తుంది. అక్కడ దిగి ఎగ్జిబిషన్ రోడ్డులో కిందికి నడిస్తే మ్యూజియాలన్నీ వరసగా ఉంటాయి. 24 ఒకవైపు వైట్‌హాల్, పార్లమెంట్ దగ్గర్నుంచి వెళ్తుంది, రెండోవైపు కామ్డెన్ దాటి హాంప్‌స్టెడ్ హీత్ దాకా పోతుంది. 188 ఎక్కితే గ్రీనిచ్. దారి పొడుగే, కానీ టూరిస్టులు కనిపించని వీధులు, బట్టలు ఆరేసిన బాల్కనీలు, బడి వదిలాక బిలబిలమంటూ ఎక్కే పిల్లలు కనిపిస్తారు. నాకు నచ్చిన ప్రయాణం అదే.

అమ్మకి మాత్రం 15. ట్రఫాల్గర్ స్క్వేర్ నుంచి టవర్ ఆఫ్ లండన్ వైపు వెళ్లే డబుల్ డెక్కర్ అది. కింద కూర్చుందామన్నా వినలేదు. మెట్లు ఇరుకు, మధ్యలో మలుపు, మనం పైకి చేరేవరకు బస్సు ఆగుతుందన్న హామీ లేదు. ఒక చేత్తో రాడ్డు, ఇంకో చేత్తో నా భుజం పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కి, ఖాళీగా దొరికిన ముందు సీట్లో కూలబడింది. ఎదురుగా అద్దం తప్ప ఏమీ లేదు. చెట్ల కొమ్మలు టపటపా అద్దానికి కొడుతుంటే ప్రతిసారీ తల పక్కకి తిప్పుకునేది. ఫ్లీట్ స్ట్రీట్ చివరికొచ్చేసరికి ఎదురుగా గట్టు మీద సెయింట్ పాల్స్ చర్చి గుమ్మటం కనిపిస్తుంది, బస్సు నేరుగా దాని మీదకే వెళ్తున్నట్టు ఉంటుంది. టూర్ బస్సుకి బోలెడు డబ్బులు పోసి చూసే దృశ్యం అది.

దిగాలంటే రాడ్లకున్న ఎర్ర బటన్ నొక్కాలి. గంట మోగి, ముందున్న తెర మీద బస్సు ఆగుతుందని వస్తుంది. వచ్చే స్టాపు పేరు మైకులో చెప్తారు, తెర మీదా వేస్తారు కాబట్టి బెంగ లేదు. పై అంతస్తులో ఉంటే మాత్రం బటన్ ముందే నొక్కి, బస్సు పూర్తిగా ఆగాకే మెట్లు దిగడం మంచిది. బస్సు కదలబోతోంది, పట్టుకోండి అని 2018లో మైకులో చెప్పించి చూశారు. బస్సు కదిలాక ఆ మాట వినిపించడంతో జనం నవ్వుకున్నారు.

విసుగు తెప్పించేది ఒకటుంది. ఒక సాయంత్రం 188లో సగం దారిలో ఉండగా, ఈ బస్సు గమ్యం మారిందని మైకులో వినిపించింది. రెండు స్టాపుల తర్వాత అందర్నీ దించేశారు. చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కరూ గొడవ పడలేదు, నిట్టూర్చి దిగిపోయారు. ట్రాఫిక్‌లో ఇరుక్కుని బస్సులు ఒకదాని వెనక ఒకటి గుంపుగా వచ్చేస్తే, ఒకదాన్ని మధ్యలోనే వెనక్కి తిప్పి అవతలి వైపు ఖాళీని పూడుస్తారట. అదే కారణంతో ఒక్కోసారి స్టాపులో ఊరికే ఆపి ఉంచుతారు. వెనకాలే ఇంకో 188 వచ్చింది, గంట దాటలేదు కాబట్టి కార్డులో డబ్బు కూడా పడలేదు. కానీ ఆ చలిగాలిలో నిలబడ్డ అమ్మ ఈ లెక్కలు చెప్తే వినే స్థితిలో లేదు.

కాబట్టి టైముకి చేరాల్సిన పనులకి బస్సుని నమ్ముకోవద్దు. సాయంత్రం ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో బస్సు కన్నా నడిచేవాళ్లే ముందుంటారు. నాటకం టికెట్లున్న రోజు మేము ట్యూబ్‌లోనే వెళ్లాం, ముందే లిఫ్టున్న స్టేషన్ వెతుక్కుని. ఆట అయ్యాక తిరుగు ప్రయాణం మాత్రం మళ్లీ బస్సే. రాత్రి పొద్దుపోయాక కొన్ని నంబర్లు అలాగే నడుస్తాయి, కొన్నిటి బదులు ముందు ఎన్ అక్షరం ఉన్న బస్సులు వస్తాయి. అంకె ఒకటే కదా అని పగటి దారి ఊహించుకోకూడదు, ఎన్ బస్సులు చాలావరకు ఇంకా దూరం పోతాయి. అవి ఎక్కడ ఆగుతాయన్నదీ ఆ స్తంభం మీదే రాసి ఉంటుంది.