కొలంబియా నది మొగ దగ్గర: పోటు వచ్చింది, కెరటం మాత్రం ఎగరలేదు

ఈ శీతాకాలంలో నేను చూసిన అన్నింటికంటే పెద్ద పోటు రోజున, బయట సముద్రంలో 17 అడుగుల కెరటాలు లేస్తున్నాయని బోయా (కెరటాలను కొలిచే తేలే పరికరం) చూపిస్తుండగా కూడా, వాషింగ్టన్ ఒడ్డున ఉన్న కేప్ డిసప్పాయింట్‌మెంట్ దీపస్తంభం కింద నాకు కావలసిన ఫోటో దక్కలేదు. వైకికీ బీచ్ (హవాయిది కాదు, ఇక్కడిదే) నుంచి తీసే ఆ ఫోటో ఈ ప్రాంతంలో కెమెరా పట్టిన ప్రతివారికీ తెలిసినదే: నురుగు గోడలా లేచి నల్లరాతి కొండకొమ్మును కప్పేస్తుంది, దాని పైన లైట్‌హౌస్ ఒక్కటే నిలబడి కనిపిస్తుంది. నాకు చిక్కిన కెరటాల్లో అన్నింటికంటే పెద్దది కూడా కొండ ఎత్తులో మూడో వంతుకు చేరలేదు. సంఖ్యలన్నీ అనుకూలంగా ఉన్నా అల ఎందుకు ఎగరలేదన్నదే ఈసారి నన్ను వదలని ప్రశ్న.

ఇక్కడ ఒరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రాల సరిహద్దు కొలంబియా నదిలోనే నడుస్తుంది కాబట్టి, పోర్ట్‌లాండ్ శివార్లైన బీవర్టన్, హిల్స్‌బరో వైపునుంచి వెళ్ళే మన వాళ్ళు ఆస్టోరియాలో 1966 నాటి మెగ్లర్ వంతెన ఎక్కి నాలుగు మైళ్ళ నీటిని దాటి ఈ బీచ్ చేరడం మామూలు. వాషింగ్టన్ పార్కులకు కొన్న డిస్కవర్ పాస్ ఒరెగాన్ పార్కుల్లో చెల్లదు, అక్కడి పాస్ ఇక్కడ చెల్లదు. ఒకే రోజు రెండు ఒడ్డులూ చూడదలచినవారు రెండు రుసుములూ లెక్కలో వేసుకోవాలి. అంతర్వేదిలో వశిష్ఠ సముద్రంలో కలిసే చోటు చూసి పెరిగినవారికి ఇక్కడి పోటు కొత్తగా ఉంటుంది. మన కాకినాడ తీరంలో పోటుకూ ఆటుకూ మధ్య తేడా పెద్ద పోటు రోజుల్లోనూ ఒకటిన్నర మీటరు దరిదాపుల్లో ఉంటే, ఇక్కడ శీతాకాలపు పెద్ద పోట్ల రోజుల్లో అది మూడు మీటర్లు దాటుతుంది.

ముందుగా ఫ్రేము లెక్క చెబుతాను, ఎందుకంటే ఎంత ఎత్తు కెరటం కావాలో అదే తేలుస్తుంది. దీపం నీటిమట్టానికి 220 అడుగుల ఎత్తున, అంటే 67 మీటర్ల పైన ఉంది. బీచ్‌లో నేను నిలబడే చోటికి అది ఇంచుమించు 600 మీటర్ల దూరం. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాను అడ్డంగా పట్టి 70-200 జూమ్ లెన్స్‌ను 200 మిల్లీమీటర్ల దగ్గర పెట్టి చూస్తే అంత దూరంలో నిలువుగా 72 మీటర్లు మాత్రమే ఇముడుతుంది కాబట్టి, సముద్రం అంచునుంచి దీపం దాకా బిగుతుగా పట్టి ఆకాశానికి చోటుండదు. అందుకే 135 దగ్గర పెట్టుకున్నాను, అప్పుడు 107 మీటర్లు పడుతుంది. ఆ ఫ్రేములో కెరటం కంటికి ఆనాలంటే కనీసం 30 మీటర్లు లేవాలి. నాకు వచ్చినవి 20 మీటర్ల దగ్గరే ఆగిపోయాయి.

ఇప్పుడు అసలు చిక్కు. మొన్నటి రోజున మొగకు 20 నాటికల్ మైళ్ళ అవతల ఉన్న 46029 బోయాలో కెరటం ఎత్తు 17 అడుగులు, వ్యవధి (ఒక కెరటానికీ తర్వాతి దానికీ మధ్య సమయం) 13 సెకన్లు, అది వచ్చే దిశ 300 డిగ్రీలు; పోటు 9.8 అడుగులు. అంతకుముందు నవంబరులో ఒక మామూలు రోజున ఎత్తు 13 అడుగులే, పోటు 8.3 అడుగులే, కానీ వ్యవధి 17 సెకన్లు, దిశ 265 డిగ్రీలు. కెరటం మోసుకొచ్చే శక్తి ఎత్తు వర్గాన్ని వ్యవధితో గుణించినదానికి అనుపాతంలో ఉంటుంది కనుక, ఆ లెక్కన మొన్నటి సముద్రానికి నవంబరు కంటే దాదాపు 30 శాతం ఎక్కువ బలం ఉండాలి, పైగా నీటిమట్టం అడుగున్నర ఎక్కువ. అయినా నవంబరులో లేచిన నీరే ఎత్తుగా లేచింది. ఆ రోజు మబ్బు కమ్మి, దీపస్తంభం బూడిదరంగులో కలిసిపోయి ఫోటో పనికి రాలేదు గానీ, నీరు మాత్రం సగం కొండను దాటింది.

నా మొదటి అనుమానం ఉత్తర జెట్టీ మీద. 1917లో పూర్తయిన ఆ రాతికట్ట వైకికీ బీచ్‌కు వాయవ్యంగా మొదలై సముద్రంలోకి చొచ్చుకుపోతుంది. బీచ్ దాని లోపలివైపు, నది పక్కన ఉంది. 300 డిగ్రీల నుంచి, అంటే వాయవ్యం వైపునుంచి వచ్చే కెరటానికి ఈ కట్ట ఎదురు నిలుస్తుంది, పడమటినుంచో నైరుతినుంచో వచ్చే కెరటం మాత్రం మొగకు ఇరువైపులా ఉన్న రెండు జెట్టీల మధ్యనుంచి నేరుగా లోపలికి వస్తుంది. రెండో అనుమానం వ్యవధి మీద: వ్యవధి ఎక్కువైన కెరటం మరింత లోతులోనే నేలను తాకి, ఒంగి, అడ్డు దాటి మూలల్లోకి తిరుగుతుంది, పొట్టి వ్యవధి కెరటం తను వచ్చిన దారినే పోతుంది. 13 సెకన్ల వాయవ్యపు కెరటానికి ఈ రెండూ ప్రతికూలమే. అంతేకాక, ఇక్కడ నీరు ఎత్తుకు లేచేది నేరుగా రాతిని కొట్టిన కెరటంతో కాదు, కొండకు తగిలి వెనక్కి వచ్చినది తర్వాతి దానితో ఢీకొన్నప్పుడు. కెరటాలు మరీ దగ్గర దగ్గరగా వస్తే ఆ రెండూ కలిసే చోటు గజిబిజిగా మారి నురుగే మిగులుతుంది; మొన్న గంటన్నరసేపు వ్యూఫైండర్‌లో నేను చూసినది సరిగ్గా ఇదే. ఎత్తు ఒక్కటే చూసి సెలవు పెట్టుకుని పరిగెత్తేవారికి నా సలహా ఏమిటంటే, దిశ 250కీ 275కీ మధ్య, వ్యవధి 16 సెకన్లకు పైన ఉంటే 12 అడుగుల కెరటమైనా చాలు.

సమయం విషయానికి వస్తే, 16 సెకన్ల కెరటాల గుంపు గంటకు సుమారు 24 నాటికల్ మైళ్ళ వేగంతో నడుస్తుంది కాబట్టి, బోయాలో కనిపించిన మార్పు యాభై నిమిషాలకు అటూ ఇటూగా బీచ్‌కు చేరుతుంది. ఆ సమయం దుస్తులు మార్చుకుని ట్రైపాడ్ నిలబెట్టుకోవడానికి సరిపోతుంది. పోటు పట్టిక ఆస్టోరియాది కాకుండా కేప్ డిసప్పాయింట్‌మెంట్‌దే చూడాలి, ఎందుకంటే పోటు నదిలో ఎగువకు ఎక్కేసరికి అరగంట పైచిలుకు ఆలస్యమవుతుంది.

పరికరాల గురించి రెండు మాటలు చాలు. నా నికాన్ జడ్6 కెమెరా తడిని బాగానే తట్టుకుంది. ఖరీదైన గుడ్డ కవరు ఒకటి లోపల ఆవిరి పట్టి విసిగించింది. ఆప్టెక్ వారి చవక ప్లాస్టిక్ తొడుగే నయం. షట్టర్ 1/2000 పెడితే నీరు సున్నపు ముద్దలా గడ్డకట్టినట్టు కనిపిస్తుందని నా అభిప్రాయం, అందుకే 1/800 దాటను. ఆటోఫోకస్ ప్రతి తుంపరకూ తడబడుతుంది కాబట్టి తెల్లని స్తంభం నడుమనున్న నల్లపట్టీ మీద ఫోకస్ నిలిపి తాళం వేస్తాను. ఒడ్డున పడి ఉన్న దుంగల మీద మాత్రం ఎవరూ ఎక్కకండి. నేను చూస్తుండగానే, మనిషి ఎత్తు మందం ఉన్న ఒక మాను చీలమండ లోతు నీటికే తేలి, పక్కకు తిరిగి, పసుపు టేపు కట్టిన గుంజను విరిచేసింది.

మిగతా చోట్లన్నీ సవ్యంగా జరిగాయి. 1906లో ఒడ్డెక్కిన పీటర్ ఐరడేల్ ఓడ అస్థిపంజరం ఆటు సమయంలో తడి ఇసుకలో ప్రతిబింబంతో సహా వచ్చింది. ఆస్టోరియా కాలమ్ 164 మెట్లు ఎక్కి వంతెనను పూర్తిగా ఒకే ఫ్రేములో పట్టాను. సూర్యాస్తమయానికి మాత్రం ఈ దీపస్తంభం కంటే 1898 నాటి నార్త్ హెడ్ దీపస్తంభం మేలు.

వెలుగు మరో అడ్డంకి. శీతాకాలంలో పెద్ద పోటు పొద్దున పదీ పన్నెండు మధ్య వస్తుంది, బీచ్ నుంచి దీపస్తంభం ఇంచుమించు ఆగ్నేయంగా ఉంటుంది, సూర్యుడు కూడా అప్పుడు అటే ఉంటాడు కాబట్టి కొండ నల్లగా, నురుగు తెల్లగా మండిపోయి, మధ్య ఛాయలు మిగలవు. అందువల్ల వచ్చేసారి పౌర్ణమి రోజున కాకుండా రెండు మూడు రోజులు ఆగి వెళ్తాను. పోటు రోజుకు యాభై నిమిషాల చొప్పున వెనక్కి జరిగి మధ్యాహ్నం రెండు దాకా వస్తుంది, నైరుతికి తిరిగిన ఎండ కొండమీద పక్కనుంచి పడుతుంది. నీటిమట్టం ఒక అడుగు తగ్గినా నవంబరు అనుభవాన్ని బట్టి అది పెద్ద నష్టం కాదు. దిశ 290 దాటితే అసలు వంతెన ఎక్కకుండా ఒరెగాన్ వైపు క్లాట్సప్ ఇసుకమేట మీదే ఆగి, మొగ కెరటాల్లో కోస్ట్ గార్డు 47 అడుగుల పడవల శిక్షణ దొరుకుతుందేమో చూస్తాను. దానికి 70-200 చాలదు. నికాన్ 180-600 లెన్స్ ఒక వారాంతం అద్దెకు తీసుకుని, మణికట్టు ఎంతసేపు మోస్తుందో తేలాకే కొనడం సంగతి ఆలోచిస్తాను.