ఎక్స్‌రేకి అందని నొప్పి

నిన్న వైకల్య ధ్రువపత్రం కోసం సదరం పరీక్షకి అమలాపురం వెళ్లొచ్చాం. కాలవగట్టు మీద ఆటో కుదుపులకే ఒళ్లంతా పచ్చిపుండయింది. ఫైబ్రోమయాల్జియా (ఒళ్లంతా వదలని నొప్పుల జబ్బు), థైరాయిడ్, మైగ్రేన్... ఫైలు తిరగేసిన డాక్టరుగారు "కాళ్లూ చేతులూ బాగానే ఉన్నాయి కదమ్మా" అన్నారు. ఫైబ్రోమయాల్జియా ఎక్స్‌రేలోనూ రక్తపరీక్షలోనూ కనపడని జబ్బు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 వైకల్యాలున్నాయి, దీని పేరు లేదు. పరీక్షలో 40 శాతం వైకల్యం రాకపోతే నెలకి 6,000 పింఛనూ రాదు. మందులకి ఆ డబ్బు ఎంత అవసరమో నాకు తెలుసు. అంతకన్నా, పచ్చడికి కొబ్బరి కోరబోతే చెయ్యి లేవని పొద్దులు అబద్ధమన్నట్టు చూడ్డం ఏడిపించింది.

తిరుగు బస్సులో అత్తయ్య నా భుజం మీద చెయ్యి వేయబోయి, ముట్టుకుంటే నొప్పని గుర్తొచ్చి, ఆగిపోయింది. కిటికీ పక్క సీటు నాకిచ్చింది. అప్పీలు పెడుతున్నాను.