ఆకు తిప్పి లెక్కపెట్టే ఉద్యోగం: ఫ్రెస్నో ద్రాక్షతోటలకు పోయేవాళ్లకు

చెనక్కాయ ఆకు కొస పసుపు తిరిగిందంటే పచ్చదోమ పనేనని చిత్తూరు పక్క పల్లెల్లో ఎవరైనా చెప్తారు. మామిడి పూతకు పట్టే తేనెమంచు పురుగు సంగతి చెప్పనే అక్కర్లేదు. కాలిఫోర్నియా ద్రాక్షతోటల్లో లీఫ్‌హాపర్ అనేది ఈ రెండింటికీ దాయాదే. తిరుపతిలో వ్యవసాయ డిగ్రీ చదివి ఫ్రెస్నో, మడేరా, కెర్న్ కౌంటీల వైపు స్కౌటింగ్‌కు, అంటే పురుగుల లెక్క తీసే పనికి పోయేవాళ్లకు పురుగుతో ఇబ్బంది రాదు. ఇబ్బందంతా మనూరి అలవాటుతోనే. ఇక్కడ పొద్దున పురుగు కనబడితే సాయంత్రానికి మందులంగడి ముందర ఉంటాం. అక్కడ ఆకుకు పది పిల్లపురుగులున్నాయని చెప్పినా తోటాయన 'వచ్చే వారం మళ్లీ చూడు' అనొచ్చు.

ఆయన మొండితనం కాదది. ఈ పురుగు ఆకు కణాల్లోని రసం పీలుస్తుంది, పీల్చిన చోటల్లా తెల్ల చుక్క మిగులుతుంది. బలంగా ఉన్న ద్రాక్ష పాదు ఆ చుక్కల్ని చాలావరకు ఓర్చుకుంటుంది. అందుకే వైన్‌కీ ఎండుద్రాక్షకీ పెంచే తోటల్లో ఆకుకు సగటున 15 నుంచి 20 పిల్లపురుగుల దాకా ఆగుతారు. పండుగా అమ్మే తోటలో మాత్రం అంత ఓపిక పట్టరు. పురుగు రెట్ట గుత్తి మీద నల్లచుక్కలుగా పడి, దాని మీద మసిబూజు పట్టిందంటే ఆ గుత్తి పెట్టెకెక్కదు. మామిడిలో మసి పట్టిన కాయ గతే దానిదీనూ.

లెక్క తీసే పద్ధతి చెప్తే చాలా సులభంగా ఉంటుంది, చేస్తేనే తప్పులు తెలుస్తాయి. తోటలో వేర్వేరు చోట్ల కలిపి 20 పాదులు, పాదుకు ఒక ఆకు. వరుస అంచు నుంచి నాలుగైదు పాదులు లోపలికి పోయాకే మొదలుపెట్టాలి. మే నెలలో మొదటి తరం పిల్లలు కొమ్మ అడుగున ముదురాకుల కింద ఉంటాయి కాబట్టి, మొదట్నుంచి మూడో ఆకో నాలుగో ఆకో చూడాలి. జూలైలో రెండో తరం పిల్లలు ఇంకాస్త పైన ఉంటాయి, కొమ్మ నడుమ ఆకులు చూడాలి. జూలైలో కూడా అడుగాకులే చూస్తూ 'పురుగు తగ్గింది' అని రాయడం కొత్తవాళ్లు తరచూ చేసే తప్పు. ఇంకో తప్పు, తెల్లబడిన ఆకుల్నే ఏరి తిప్పడం. కళ్లకు కనబడ్డ ఆకు కాక చేతికి తగిలిన ఆకు తీసుకోవాలి. ఆకును మెల్లగా తిప్పాలి, విదిలిస్తే పిల్లలు అడ్డంగా పరిగెత్తి అంచు దాటిపోతాయి. ఆకుకు అంటుకున్న తెల్లటి కుబుసాలను లెక్కలో కలపకూడదు. 20 ఆకుల మీద 190 ఉంటే సగటు 9.5. అంచు వరుసల్లో 25, లోపల 4 ఉంటే మాత్రం రెంటినీ కలిపి సగటు వేయొద్దు, విడిగా రాయండి. అంచు నాలుగు వరుసలకు కొడితే సరిపోయేదానికి తోటంతా కొట్టించిన పాపం ఆ సగటుదే అవుతుంది.

ఏ జాతో కూడా రాయాలి. పిల్లలు తెల్లగా ఉంటే వెస్టర్న్ గ్రేప్ లీఫ్‌హాపర్, నారింజ-గోధుమ రంగులో ఉంటే వేరియగేటెడ్. వీపు మీద నాలుగు ఎర్రటి చుక్కలుంటే వర్జీనియా క్రీపర్ లీఫ్‌హాపర్, అది ఉత్తర కాలిఫోర్నియా తోటల్లో ఎక్కువ.

జాతితో పనేముందంటే, గుడ్ల దగ్గర తేడా వస్తుంది. అనాగ్రస్ అనే కంటికి ఆనీ ఆనని కందిరీగ లీఫ్‌హాపర్ గుడ్లలో తన గుడ్డు పెడుతుంది. అలా పెట్టిన గుడ్డు ఎర్రబడుతుంది. 10 రెట్ల భూతద్దంతో ఆకు అడుగు చూస్తే తెలుస్తుంది. కందిరీగ బయటికొస్తే గుండ్రటి చిల్లు, పురుగు పిల్ల బయటికొస్తే సన్నటి చీలిక. వేరియగేటెడ్ తన గుడ్లను ఆకు కండలో లోతుగా దాస్తుంది, అందుకే దాని మీద కందిరీగ పట్టు తక్కువ. పిల్లపురుగుల అంకె పక్కనే ఎర్రగుడ్ల మాటా రాసే స్కౌటుకు తోటలో విలువ ఎక్కువ. 14 ఉన్నా గుడ్లు ఎర్రబడుతున్నాయంటే ఆగొచ్చు, గుడ్లన్నీ తెల్లగానే ఉంటే 12కే జాగ్రత్త పడాలి.

మందుకన్నా ముందు చేసే పని ఆకు దూయడం. పూత ముగిశాక రెండు నాలుగు వారాల్లోపు గుత్తుల దగ్గరి అడుగాకులు తీసేస్తే మొదటి తరం పిల్లల్లో మంచి వంతు వాటితోనే పోతాయి. ఆలస్యమైతే పిల్లలకు రెక్కలొచ్చి ఎగిరిపోతాయి, కూలి డబ్బులు దండగ. నీళ్లు, నత్రజని ఎక్కువ తాగిన గుబురు పాదుల్లోనే ఈ పురుగు బాగా పెరుగుతుంది. సబ్బు ద్రావణం, నూనె మందులు రెక్కలు రాని పిల్లల మీదే పనిచేస్తాయి, అదీ ఆకు అడుగు తడిస్తేనే. గంధకం చల్లిన రెండు వారాల్లోపు నూనె కొడితే ఆకు మాడుతుంది. మన దగ్గర వాడే సింథటిక్ పైరిత్రాయిడ్ రకం పురుగుమందులు కొడితే కందిరీగతో పాటు నల్లిని తినే మేలు పురుగులూ చచ్చి, ఎర్రనల్లి పైకి లేస్తుంది.

ఒక్క మాట బాగా గుర్తు పెట్టుకోండి. ఏ మందు కొట్టాలో చెప్పే హక్కు అక్కడ లైసెన్సున్న పెస్ట్ కంట్రోల్ అడ్వైజర్‌కే, అంటే పురుగుమందుల సలహాదారుకే ఉంది. ఊళ్లో మామకు చెప్పినట్టు 'ఫలానాది కొట్టు' అని నోరు జారొద్దు. అంకె చెప్పి ఊరుకోండి. తోటలో అడుగుపెట్టే ముందు మందు కొట్టిన రికార్డు చూడండి, గట్టున పుర్రె గుర్తు బోర్డుంటే గడువు తీరేదాకా లోపలికి పోకూడదు. కూలీలు ఎక్కువమంది స్పానిష్ మాట్లాడతారు, ఈ పురుగును చిచర్రీత అంటారు. ఆ ఒక్క మాట వస్తే ఏ వరుసలో ఎక్కువుందో వాళ్లే చెప్తారు. కోతల వేళ అది కళ్లలో, నోట్లో పడి విసిగించేది వాళ్లనే కదా.

తిరుపతి ఎండ చూసినవాళ్లకు ఫ్రెస్నో ఎండ లెక్కలేదనిపిస్తుంది. అక్కడ గాలి పొడి. చెమట పట్టినట్టే పట్టి ఆరిపోతుంది, ఒళ్లు ఎండుతున్నది తెలియదు. 80 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే నీడ ఏర్పాటు చేయడం, మనిషికి గంటకు దాదాపు లీటరు నీళ్లు అందుబాటులో ఉంచడం యజమాని బాధ్యతని ఆ రాష్ట్ర చట్టం చెప్తుంది. అడగడానికి మొహమాటపడొద్దు.

కోత అయిపోయాక ఆకు ఎంత తెల్లబడినా పెద్దగా పట్టించుకోరు. రెక్కల పురుగులు రాలిన ఆకుల కింద, గట్ల మీది కలుపులో చలికాలం గడుపుతాయి. చిగురుకు ముందే ఆ చెత్తను దున్నేయాలి. పోయినేడు ఏ అంచున ఎక్కువ పడ్డాయో పుస్తకంలో ఉంటే, ఏప్రిల్‌లో మొదటి ఆకు అక్కడే తిప్పొచ్చు.